భర్తీ, విరమణ: హార్మోన్ చికిత్స రచనల్లో ముగింపు సమస్య

రుతువిరతి కాలంలో స్త్రీలు వాడే హార్మోన్ చికిత్సను గురించి గత అరవై ఏళ్లలో ఇంగ్లీషులో వెలువడిన రచనలు పరస్పరం ఎంతగా విభేదించినా ఒక విషయంలో ఏకమవుతాయి. చికిత్సను ఎందుకు మొదలుపెట్టాలో, ఎందుకు మొదలుపెట్టకూడదో అవి విస్తారంగా చెబుతాయి. మొదలుపెట్టిన స్త్రీ దానిని ఎప్పుడు తగ్గించుకోవాలి, ఎలా మానుకోవాలి, మానిన తర్వాత ఆమె శరీరంలో ఏమి జరుగుతుంది అన్న చోటికి వచ్చేసరికి కథనం పలచబడుతుంది. ఒక మందును గురించి ఇంత సాహిత్యం పుట్టడమే అరుదు. అంత సాహిత్యంలోనూ ఆ మందును విరమించే స్త్రీకి ఒక పాత్ర లేకపోవడం యాదృచ్ఛికం అనుకోవడానికి లేదు.

ఈ లోటును సాధారణంగా వైద్య సమాచార లోటుగా భావిస్తారు. అది కొంతవరకే నిజం. చికిత్సను వర్ణించడానికి ఎంచుకున్న పదాలు, రూపకాలు మొదటినుంచీ ముగింపుకు చోటులేని విధంగా నిర్మితమయ్యాయని, ఆ రూపకాలను వ్యతిరేకించినవారు సైతం వాటి చట్రంలోనే వాదించారని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. రాబర్ట్ ఎ. విల్సన్ ‘ఫెమినైన్ ఫరెవర్’ (1966), జెర్మెయిన్ గ్రీర్ ‘ది ఛేంజ్’ (1991), గెయిల్ షీహీ ‘ది సైలెంట్ పాసేజ్’ (1992) ఇక్కడ ప్రధాన పాఠాలు. 2002లో వెలువడిన ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ పరిశోధన నివేదికను కూడా ఒక పాఠంగానే చదవవలసి ఉంటుంది. ఎందుకంటే చికిత్సను ఆపడం అనే క్రియను లోకానికి పరిచయం చేసింది అదే. ఈ చికిత్సకు తెలుగులో స్థిరపడుతున్న పేర్లను కూడా ఈ దృష్టితోనే తిరిగి చూడవలసి ఉంది.

భర్తీ అనే రూపకం

చూడి గుర్రాల మూత్రం నుంచి తీసిన ఈస్ట్రోజెన్ల మిశ్రమం ‘ప్రెమరిన్’ పేరుతో 1942లో అమెరికాలో ఆమోదం పొందింది. అంటే విల్సన్ పుస్తకం వచ్చేనాటికి మందు వయస్సు పాతికేళ్లకు దగ్గరపడింది. విల్సన్ కొత్తగా ఇచ్చింది మందును కాదు, మందుకు ఒక కథను. రుతువిరతి జీవితంలోని ఒక దశ కాదని, ఈస్ట్రోజెన్ కొరవడటం వల్ల కలిగే లోపవ్యాధి అని ఆయన వాదించారు. దానిని మధుమేహంతో పోల్చారు. మధుమేహ రోగికి ఇన్సులిన్ ఎలాగో ఈ వయస్సు స్త్రీకి ఈస్ట్రోజెన్ అలాగని ఆ పోలిక సారాంశం.

ఈ పోలిక చేసే పని గమనించదగింది. ఇన్సులిన్‌పై బతికే రోగిని అది ఎప్పుడు ఆపుతావని ఎవరూ అడగరు. లోపం శాశ్వతమైనప్పుడు పూరణ కూడా శాశ్వతమే కావాలి. ఈ తర్కం విల్సన్ పుస్తకం కంటే ముందే బయటపడింది. 1963లో ఆయన, ఆయన భార్య థెల్మా కలిసి అమెరికన్ జెరియాట్రిక్స్ సొసైటీ పత్రికలో ప్రచురించిన వ్యాసం తన శీర్షికలోనే రజస్వల కావడం మొదలు సమాధి వరకు తగినంత ఈస్ట్రోజెన్‌ను నిలిపి ఉంచాలని విజ్ఞప్తి చేసింది. ఆ శీర్షికలో చికిత్సకు ముగింపు ఉంది. అయితే అది రోగి మరణం. అంతకు ముందు ఆపాలనుకునే స్త్రీ ఈ కథనంలో ఉంటే ఆమె వ్యాధిని తిరిగి ఆహ్వానించే వ్యక్తిగానే ఉండగలదు. పుస్తకం పేరు ఆ ముప్పును మరింత స్పష్టం చేస్తుంది. ఎప్పటికీ స్త్రీగానే ఉండిపోవడం అనే వాగ్దానాన్ని తిరగేస్తే, మందు మానిన క్షణం నుంచి స్త్రీ కాకుండా పోవడమనే బెదిరింపు వస్తుంది. విల్సన్ స్థాపించిన సంస్థకు మందుల కంపెనీల సొమ్ము అందిందన్న విషయం తర్వాతికాలంలో బయటికి వచ్చింది. ఆ విషయం పుస్తకం ఉద్దేశాన్ని వివరిస్తుందే తప్ప దాని ప్రభావాన్ని పూర్తిగా వివరించదు. కంపెనీల డబ్బుతో వచ్చిన పుస్తకాలు చాలానే మరుగున పడ్డాయి. ఇది నిలిచింది దాని రూపకబలంతోనే.

ఎమిలీ మార్టిన్ 1987లో ప్రచురించిన ‘ది వుమన్ ఇన్ ది బాడీ’ ఈ రూపకబలాన్ని వైద్యవిద్యార్థుల పాఠ్యగ్రంథాల్లో వెదికి చూపించింది. మెదడు ఆజ్ఞలిచ్చే అధికారిగా, అండాశయం ఆజ్ఞలు పాటించే కిందిస్థాయి విభాగంగా చిత్రితమయ్యే వ్యవస్థలో రుతువిరతి ఒక పాలనావైఫల్యంగా కనిపిస్తుందని ఆమె విశ్లేషణ. విల్సన్ లోపం అన్నచోట పాఠ్యగ్రంథాలు వైఫల్యం అన్నాయి. రెండింటికీ మందు ఒకటే, బయటినుంచి భర్తీ చేయడం. మార్టిన్ పుస్తకం ఈ రంగంలో జరిగిన ఉత్తమ భాషావిమర్శ అనడంలో సందేహం లేదు. అయినా ఆమె పరిశీలించింది శరీరాన్ని వర్ణించే భాషను. చికిత్సను, ముఖ్యంగా దాని విరమణను వర్ణించే భాష ఆమె పరిధిలోకి రాలేదు.

1975 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ప్రచురించిన రెండు అధ్యయనాలు ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడే స్త్రీలలో గర్భాశయ లోపొర కేన్సర్ ముప్పు పెరుగుతున్నదని చూపాయి. విల్సన్ కథకు ఇది తొలి విఘాతం. వాడకం కొంతకాలం తగ్గింది. ఆపై ప్రొజెస్టిన్ అనే మరో హార్మోన్‌ను జోడించి ఆ ముప్పును అదుపుచేయవచ్చని తేలడంతో వాడకం మళ్లీ పెరిగింది. కథనపరంగా ఇది ఆసక్తికరమైన మలుపు. మందు ప్రమాదకరమని తెలిసినప్పుడు కథ దొరికించుకున్న పరిష్కారం ఇంకొక మందు. కథనం విరమణ గుమ్మం దాకా వెళ్లి వెనక్కు వచ్చింది.

2002: ఒక క్రియ, ఇద్దరు కర్తలు

ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్‌లో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపి వాడే విభాగంలో 16,608 మంది స్త్రీలు పాల్గొన్నారు. వారి వయస్సు 50 నుంచి 79 వరకు, సగటు 63. ఎనిమిదిన్నరేళ్లు సాగవలసిన ఆ పరీక్షను సగటున 5.2 ఏళ్లకే, 2002 జూలైలో నిలిపివేశారు. గర్భాశయం తొలగించిన 10,739 మందితో సాగిన ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడే విభాగం కూడా 2004లో నిర్ణీత కాలానికి ముందే ఆగింది.

ఇక్కడ ఆపడం అనే క్రియకు ఇద్దరు కర్తలు ఏర్పడ్డారు. మొదటి కర్త పరిశోధన సంస్థ. అది ఆపిన తీరుకు ఒక క్రమం ఉంది. ముందే నిర్ణయించుకున్న ప్రమాద పరిమితి, దానిని గమనించే పర్యవేక్షణ మండలి, ఆ పరిమితి దాటగానే అమలయ్యే నిర్ణయం. రెండవ కర్త ఆ వార్తను పత్రికలో చదివి మర్నాడు మాత్ర వేసుకోవడం మానేసిన స్త్రీ. ఆమెకు పరిమితీ లేదు, మండలీ లేదు, క్రమమూ లేదు. అయినా ఇద్దరి చర్యకూ పత్రికలు వాడిన మాట ఒక్కటే. అమెరికాలో 1999 నాటికి ఏడాదికి సుమారు 9 కోట్లకు చేరిన హార్మోన్ చికిత్స చీటీలు 2003లో 5.7 కోట్లకు పడిపోయాయి. ఒక పరిశోధన ఆగిన తీరును లక్షలాది స్త్రీలు తమ శరీరాల్లో అనుకరించారు.

ఆ భయానికి అంకెలను చెప్పిన పద్ధతి కూడా కారణం. రొమ్ము కేన్సర్ ముప్పు 26 శాతం పెరిగిందన్న మాట శీర్షికలకెక్కింది. అదే ఫలితాన్ని మరొక విధంగా చెబితే, ఏడాదిలో ప్రతి పదివేల మంది స్త్రీలకు ఎనిమిది కేసులు అదనం. గుండెజబ్బు సంఘటనలు ఏడు, పక్షవాతాలు ఎనిమిది, ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డలు ఎనిమిది అదనం. పెద్దపేగు కేన్సర్లు ఆరు, తుంటి ఎముక విరుగుళ్లు ఐదు తక్కువ. ఈ రెండు చెప్పుళ్లలోనూ అసత్యం లేదు. మొదటిది పరుగెత్తిస్తుంది, రెండవది ఆలోచింపజేస్తుంది. పైగా సగటున 63 ఏళ్ల స్త్రీలలో కనిపించిన ఫలితం, వేడి ఆవిర్లతో నిద్రపట్టక యాభయ్యో ఏట మందు మొదలుపెట్టిన స్త్రీకి యథాతథంగా వర్తించదు. ఆ వివేచన వైద్యలోకంలో స్థిరపడటానికి చాలా ఏళ్లు పట్టింది. వయోభేదాన్ని, రుతువిరతి తర్వాత గడిచిన కాలాన్ని బట్టి ఫలితాలను విడదీసి చూడటం తర్వాత వచ్చిన విశ్లేషణల పని.

నివేదిక చెప్పింది ఒక్కటే: గుండెజబ్బును నివారించే ఉద్దేశంతో ఈ మిశ్రమ చికిత్సను మొదలుపెట్టరాదు, కొనసాగించరాదు. ఎలా ఆపాలన్నది దాని విషయం కాదు. ఒక పరిశోధన పత్రాన్ని ఆ కారణంగా తప్పుపట్టలేము. అయితే దాని చుట్టూ అల్లుకున్న ప్రజారచన, అంటే పత్రికా వ్యాసాలు, స్వయంసహాయ గ్రంథాలు, కరపత్రాలు ఆ ఖాళీని గుర్తించకపోవడాన్ని తప్పుపట్టవచ్చు. ముప్పై ఏళ్లుగా నింపడమే తెలిసిన భాషకు ఖాళీ చేయడం ఎలాగో తెలియలేదు.

తగ్గించడం: తేదీ మార్చే కళ

పరీక్ష ఆగిన తర్వాత ఆ స్త్రీలకు ఏమైంది? 2005లో జూడిత్ ఒకీన్ తదితరులు ప్రచురించిన అధ్యయనం ఈ ప్రశ్న వేసింది. నిజమైన మందు వాడి ఆపినవారిలో 21.2 శాతం మందికి ఒక మోస్తరు లేదా తీవ్రమైన వేడి ఆవిర్లు, చెమటలు వచ్చాయి. ఉత్తుత్తి మాత్రలు వాడి ఆపినవారిలో ఇది 4.8 శాతం. చికిత్సకు ముందే ఆ బాధలున్నవారిని మాత్రమే లెక్కిస్తే, మందు ఆపిన తర్వాత సగానికి పైగా, 55.5 శాతం మందికి అవి తిరిగి వచ్చాయి. ఉత్తుత్తి మాత్రల గుంపులో అలాంటివారికి ఇది 21.3 శాతం.

ఈ అంకెల్లో ఒక కథనసూత్రం దాగి ఉంది. విల్సన్ కథలో మందు కాలాన్ని ఆపేస్తుంది. వాస్తవంలో మందు కాలాన్ని కప్పి ఉంచుతుంది. కింద శరీరం తన మార్పును తాను పూర్తిచేసుకుంటూ ఉండవచ్చు, ఇంకా మధ్యలో ఉండవచ్చు. మందు వాడుతున్నంత కాలం అది ఏ దశలో ఉందో స్త్రీకి గాని, వైద్యునికి గాని సూటిగా తెలిసే మార్గం లేదు. తెర తీస్తేనే తెలుస్తుంది. అందువల్ల మందు ఆపడం చికిత్సకు ముగింపు మాత్రమే కాదు, అది ఒక పరీక్ష కూడా. బాధలు తిరిగిరాని స్త్రీకి దాటడం పూర్తయిందన్నమాట. తిరిగి వచ్చిన స్త్రీకి ఇంకా ఏరు ఉందన్నమాట. ఆమె మళ్లీ మందు మొదలుపెడితే అది ఓటమి కాదు, సమాచారం. ఇంత ముఖ్యమైన జ్ఞానసందర్భాన్ని పాఠకులకు చేరే రచన ఓడిపోవడం, లొంగిపోవడం, తట్టుకోవడం వంటి యుద్ధపరిభాషలో చెప్పడం దురదృష్టకరం.

తగ్గిస్తూ ఆపితే ఈ బాధలు తప్పుతాయన్న నమ్మకం విస్తృతంగా ఉంది. మోతాదు సగం చేయడం, రోజు విడిచి రోజు వేసుకోవడం, తక్కువ బలమున్న పట్టీకి మారడం వంటి పద్ధతులు ఆచరణలో ఉన్నాయి. గర్భాశయం ఉన్న స్త్రీ ఈస్ట్రోజెన్‌ను తగ్గిస్తూ వాడుతున్నంత కాలం రెండవ హార్మోన్‌ను ముందుగా వదిలేయరాదన్న నియమం కూడా ఈ క్రమంలో భాగమే. 1975 నాటి పాఠం అదే. అయితే క్రమంగా తగ్గించడం అన్నది ఒక్కసారిగా ఆపడం కంటే నిజంగా మేలా? 2006లో ఇజ్రాయెల్ పరిశోధకులు ప్రచురించిన ఒక పరీక్షలో 91 మంది స్త్రీలను రెండు గుంపులుగా చేశారు. ఒక్కసారిగా ఆపినవారికి మొదటి మూడు నెలల్లో బాధలు ఎక్కువ. క్రమంగా తగ్గించినవారికి ఆరో నెల నాటికి ఎక్కువ. ఏడాది తిరిగేసరికి తేడా లేదు. 2010లో స్వీడన్‌లో 87 మందితో జరిగిన మరొక పరీక్ష, నాలుగు వారాలపాటు తగ్గించడానికీ వెంటనే ఆపడానికీ తేడా కనుగొనలేదు. బ్రిటన్‌కు చెందిన నైస్ సంస్థ 2015 మార్గదర్శకం ఈ స్థితినే నిజాయితీగా చెప్పింది. క్రమంగా తగ్గిస్తే స్వల్పకాలంలో బాధలు తిరిగి రావడం తగ్గవచ్చు, దీర్ఘకాలంలో తేడా ఉండదు, ఎంపికను స్త్రీకే ఇవ్వాలి.

అంటే తగ్గించడం బాధను రద్దు చేయదు, దాని తేదీని మార్చుతుంది. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. కూతురి పెళ్లి, ఉద్యోగంలో తనిఖీ, పంటకోత, తల్లి చివరి అనారోగ్యం వంటివి ఎదుట ఉన్న స్త్రీకి తేదీ మారడమే కావలసినది కావచ్చు. వైద్యగణాంకం ఏడాది చివర నిలబడి వెనక్కు చూసి తేడా లేదంటుంది. జీవితం నెలల్లో గడుస్తుంది. ఈ రెండు కాలమానాల మధ్య నిలబడి మాట్లాడవలసిన సాహిత్యమే కొరవడింది.

ఆపడం ఒకే ఒక్క చర్య కాదన్నది కూడా ప్రజారచన చెప్పని విషయం. వేడి ఆవిర్లు కాలక్రమంలో శాంతించవచ్చు. యోని పొడిబారడం వంటి మార్పులు సాధారణంగా వాటంతటవే శాంతించవు. శరీరమంతటా పనిచేసే మాత్రనో పట్టీనో ఆపిన స్త్రీ, ఆ చోటికే పరిమితమైన తక్కువ మోతాదు ఈస్ట్రోజెన్‌ను కొనసాగించవచ్చు. ఎముకలకు మందు ఇచ్చిన రక్షణ మందుతోపాటే తగ్గుతుంది కనుక వాటి గురించి వేరే ఆలోచన చేయాలి. ఒక వాక్యంలో ముగియవలసిన క్రియ ఇలా మూడు నాలుగు వాక్యాలుగా విడిపోతుంది.

నిరాకరణకూ విరమణకూ మధ్య

విల్సన్‌కు అత్యంత శక్తిమంతమైన సాహిత్య సమాధానం జెర్మెయిన్ గ్రీర్ నుంచి వచ్చింది. ‘ది ఛేంజ్’ వైద్యవిమర్శ మాత్రమే కాదు, సాహిత్యచరిత్ర, సాంస్కృతిక చరిత్ర, ఆత్మపరిశీలన కలిసిన గ్రంథం. వృద్ధస్త్రీల పట్ల సమాజానికున్న భయద్వేషాలకు ఆమె ‘ఎనోఫోబియా’ అనే కొత్త పేరు పెట్టారు. ఈ వయస్సులో కలిగే దుఃఖం దుఃఖమేనని, దానిని మందుతో కప్పడం ఒక ముఖ్యమైన అనుభవాన్ని దొంగిలించడమని ఆమె వాదన సారం. ప్రశాంతతా శక్తీ లభించే స్థితిని ఆమె చివరి అధ్యాయంలో గమ్యంగా నిలిపారు. పురుషుల చూపు నుంచి తప్పుకోవడాన్ని నష్టంగా కాక విడుదలగా చూపించిన ఆ పుటలు నేటికీ చదవదగినవి.

అయినా ‘ది ఛేంజ్’, ‘ఫెమినైన్ ఫరెవర్’ పుస్తకాలను పక్కపక్కన పెట్టి చదివితే ఒక అనూహ్యమైన పోలిక కనిపిస్తుంది. విల్సన్ దృష్టిలో మందు వాడటం స్త్రీగా ఉండటం. గ్రీర్ దృష్టిలో మందు వాడటం వృద్ధస్త్రీగా మారడానికి నిరాకరించడం. విలువలు తలకిందులయ్యాయి, సమీకరణం మారలేదు. ఇద్దరికీ మందు అస్తిత్వానికి గుర్తు. అస్తిత్వచిహ్నమైన వస్తువును కొంతకాలం వాడి పక్కన పెట్టడం కుదరదు. గ్రీర్ పుస్తకంలో మందు ముట్టని స్త్రీకి గౌరవం ఉంది. మూడేళ్లు వాడి, దానివల్ల నిద్రపోయి, ఉద్యోగం చేసుకుని, ఇప్పుడు మానాలనుకునే స్త్రీ తనను తాను ఆ పుస్తకంలో వెదుక్కుంటే దారితప్పి తిరిగివచ్చిన వ్యక్తిగా తప్ప దొరకదు. నిరాకరణకు కావ్యం ఉంది, విరమణకు వచనం కూడా లేదు.

గెయిల్ షీహీ పుస్తకం సాహిత్యపరంగా గ్రీర్ గ్రంథానికి సాటిరాదు. పత్రికావ్యాసంగా మొదలై పుస్తకంగా విస్తరించిన ఆ రచనలో తొందరపాటు కనిపిస్తుంది. తన హార్మోన్ అనుభవాన్ని ఒడిదుడుకులతో సహా చెప్పుకున్న నిజాయితీ మాత్రం దానిలో ఉంది. దాని శీర్షికలోని రూపకం అన్నిటికంటే విలువైనది. మౌనంగా సాగే దాటుడు అన్న ఆ పేరు రుతువిరతిని వ్యాధి నుంచి, అస్తిత్వం నుంచి తప్పించి ప్రయాణంగా మార్చింది. ప్రయాణమైతే అవతలి ఒడ్డు ఉంటుంది. ఒడ్డు ఉంటే పడవ దిగడం ఉంటుంది. మందును పడవగా చూడగల అవకాశం ఆ రూపకంలో ఉన్నా షీహీ దానిని చివరిదాకా తీసుకుపోలేదు. ఆమె మనస్సు మౌనాన్ని ఛేదించడం మీదనే ఉంది.

ఏరు దాటి తెప్ప తగలేసినట్టు అనే తెలుగు సామెత కృతఘ్నతను నిందించడానికి పుట్టింది. హార్మోన్ చికిత్స విషయంలో ఆ సామెతలోని మొదటి సగమే సమస్య. ఏరు దాటినట్టు ఎప్పుడు తెలుస్తుంది? అమెరికాలో దీర్ఘకాలం సాగిన స్వాన్ అధ్యయనం ఆధారంగా 2015లో వెలువడిన విశ్లేషణ ప్రకారం, తరచుగా వచ్చే వేడి ఆవిర్ల మధ్యస్థ కాలవ్యవధి 7.4 ఏళ్లు. అంటే సగం మందికి అంతకంటే ఎక్కువ. ఐదేళ్లు వాడి ఆపేయాలన్న లెక్క ఏటి వెడల్పును కొలిచి చెప్పినది కాదు. అది ప్రమాదభయం గీసిన గీత. షీహీ రూపకాన్ని ఈ కొలతతో కలిపి చదివితే తప్ప విరమణ గురించి అర్థవంతమైన చర్చ మొదలు కాదు.

ఏటి వెడల్పు అన్ని సమాజాల్లో ఒకటి కాదన్న సంగతిని మార్గరెట్ లాక్ ‘ఎన్‌కౌంటర్స్ విత్ ఏజింగ్’ (1993) జపాన్, ఉత్తర అమెరికాల పోలికతో స్థాపించింది. జపాన్ స్త్రీలు ‘కోనెంకీ’ అని పిలిచే దశ రుతుస్రావం ఆగడంతో సమానార్థకం కాదు. అది పొడవైన వయోసంధి. వేడి ఆవిర్ల కంటే భుజాల బిగువు, తలనొప్పి అక్కడ ముందుకు వస్తాయి. శరీరానుభవాన్ని భాష ఎంతగా నిర్ణయిస్తుందో, శరీరమే భాషను ఎంతగా నిర్ణయిస్తుందో తేల్చకుండా రెండింటినీ పక్కపక్కన నిలపడం లాక్ పద్ధతిలోని సంయమనం. తెలుగు సందర్భాన్ని చూడటానికి ఆ సంయమనమే తగినది.

ఉడగడం, మానడం, తీసేయడం

తెలుగులో ఈ దశకు వాడుకలో ఉన్న మాట ముట్లుడగడం. రుతువిరతి, రజోనివృత్తి అన్నవి గ్రంథస్థాలు. ఉడుగు ధాతువుకు అర్థాలు రెండువైపులా సాగుతాయి. వాన ఉడుగుతుంది, గాలి ఉడుగుతుంది. వాటిలో నెమ్మది ఉంది, ఊరట ఉంది. శక్తి ఉడుగుతుంది, అందులో క్షయం ఉంది. ఒకే క్రియలో ఊరటా క్షయమూ కలిసి ఉండటం వల్ల ఈ మాట విల్సన్ లోపానికీ గ్రీర్ విడుదలకూ దేనికీ పూర్తిగా లొంగదు. పైగా ఇది అకర్మకం. ఎవరూ ఉడిగించరు, అదే ఉడుగుతుంది. బియ్యం అయిపోయాయనే చోట నిండుకున్నాయనే ఇళ్లలో పుట్టిన భాషకు లోపాన్ని లోపమని మొహమ్మీద చెప్పే అలవాటు తక్కువన్నది ఇక్కడ గుర్తుకు రావడం సహజం.

చికిత్స పేరు మాత్రం ఇంగ్లీషు నుంచి లోపభావనతో సహా దిగుమతి అయింది. హార్మోన్ల భర్తీ చికిత్స, హార్మోన్ పునఃస్థాపన చికిత్స, లేదా అక్షరాలా హెచ్‌ఆర్‌టీ. భర్తీ అనగానే తెలుగు పాఠకునికి స్ఫురించేది ఖాళీల భర్తీ. కొలువులో ఒక పోస్టు ఖాళీ అయింది, దానిని నింపారు. ఆ మాట లోపల చికిత్సను విరమించడమంటే నింపిన పోస్టును మళ్లీ ఖాళీ చేయడం. అలా చేయమని ఎవరు అడుగుతారు? 2002 తర్వాత ఇంగ్లీషు వైద్యపరిభాష ‘రీప్లేస్‌మెంట్’ అన్న మాటను క్రమంగా వదిలి, రుతువిరతి హార్మోన్ చికిత్స అనే అర్థమిచ్చే పేరుకు మారింది. మూలభాష వదిలేసిన రూపకాన్ని తెలుగు ఇంకా మోస్తున్నది. పరిభాషా నిర్మాణంలో ఆలస్యం మామూలే. ఇక్కడ ఆ ఆలస్యం ఒక పాత వ్యాపారకథకు ఆయుష్షు పోస్తున్నది.

విరమణకు తెలుగు క్రియలు మాత్రం సమృద్ధిగా ఉన్నాయి. ఆగడం, ఆపడం, మానడం, మానుకోవడం, మాన్పించడం. ఒక్కొక్క దానిలో కర్త వేరు. 2002 జూలైలో అమెరికన్ స్త్రీలకు జరిగింది మాన్పించడం. నైస్ మార్గదర్శకం కోరేది మానుకోవడం. ఇంగ్లీషు వార్తాశీర్షికలో ఒకే మాటగా కనిపించినవి తెలుగు వ్యాకరణంలో సహజంగానే విడిపోతాయి. మాను ధాతువుకు మరో అర్థం కూడా ఉంది: గాయం మానడం. విడిచిపెట్టడానికీ నయం కావడానికీ ఒకే ధాతువు ఉన్న భాషలో హార్మోన్ చికిత్స విరమణను గురించి రాయడం ఇంగ్లీషులో కంటే సులభం కావలసింది.

అలా కాకపోవడానికి కారణం పదజాలం ఒక్కటే కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భాశయం తొలగించినవారు దేశం మొత్తంమీద 3.2 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. ఈ స్త్రీల విషయంలో ఉడగడం అన్న క్రియ అబద్ధమవుతుంది. ఇక్కడ ఒక కర్త ఉన్నాడు, ఒక కత్తి ఉంది. ‘గర్భసంచి తీసేశారు’ అన్న వాడుకవాక్యం మరొక ముఖ్య విషయాన్ని మింగేస్తుంది. గర్భసంచితోపాటు అండాశయాలను కూడా తీశారా, ఉంచారా? ఉంచితే హార్మోన్లు కొంతకాలం సాగుతాయి. తీస్తే ఆ రాత్రికే ఆగుతాయి. ముప్పై అయిదేళ్ల స్త్రీ విషయంలో ఈ తేడా ఎముకలకు, గుండెకు సంబంధించినది. ఆ వాక్యంలో దానికి చోటు లేదు.

హార్మోన్ చికిత్సను ఎప్పుడు ఆపాలన్న ప్రశ్న ఆమె విషయంలో పూర్తిగా వేరు. అండాశయాలు ముందుగానే పోయిన స్త్రీలకు, వేరే వైద్యకారణం అడ్డురాకపోతే, సహజంగా ముట్లుడిగే వయస్సు వచ్చేవరకైనా చికిత్స కొనసాగించాలన్నది మార్గదర్శకాల సాధారణ అభిప్రాయం. పశ్చిమదేశాల్లో ఆ వయస్సు సుమారు 51, భారతదేశంలో సుమారు 46-47. సగటున 63 ఏళ్ల అమెరికన్ స్త్రీల నుంచి వచ్చిన ‘ఐదేళ్లు, తక్కువ మోతాదు’ అన్న హెచ్చరికను 35వ ఏట అండాశయాలు కోల్పోయిన స్త్రీకి వర్తింపజేస్తే ఆమె 40వ ఏట మందు మానవలసి వస్తుంది. అనువాదంలో వయస్సు జారిపోతే జరిగే నష్టం ఇది. నిజానికి విల్సన్ చెప్పిన ‘భర్తీ’ అన్న మాట ఎక్కడైనా సముచితమైతే అది ఈ స్త్రీ విషయంలోనే. ఆమెది కాలం తెచ్చిన మార్పు కాదు, కాలానికి ముందే జరిగిన కోత. రెండు వేర్వేరు పరిస్థితులకు తెలుగు ఒకే పేరు వాడటం వల్ల ఒకరికి అనవసరమైన శాశ్వతత్వం, మరొకరికి అకాలమైన భయం అంటగట్టినట్టవుతున్నది.

2025 నవంబరులో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఈ మందుల పెట్టెల మీద రెండు దశాబ్దాలకు పైగా ఉన్న తీవ్ర హెచ్చరికల్లో చాలావాటిని తొలగించనున్నట్టు ప్రకటించింది. అరవై ఏళ్లలోపు, లేదా ముట్లుడిగిన పదేళ్లలోపు మొదలుపెట్టడం మేలన్నది ఆ ప్రకటన వెనుక ఉన్న వాదం. 1966లోలాగే, 2002లోలాగే మళ్లీ చర్చ మొదలుపెట్టడం చుట్టూనే తిరుగుతున్నది. ఆ వార్త తెలుగులోకి వచ్చేటప్పుడు ‘భర్తీ’ని వదిలి రుతువిరతి హార్మోన్ చికిత్స అన్న పేరు వాడటం, శస్త్రచికిత్స వల్ల ముట్లు ఆగినవారికి వేరే పేరు పెట్టడం, తీసింది గర్భసంచి ఒక్కటేనా, అండాశయాలు కూడానా అన్నది వాక్యంలోనే చెప్పడం, ఈ మూడూ పరిభాషా నిర్మాతల చేతుల్లో ఉన్న పనులు. నాలుగవది రచయిత్రులది. చికిత్స మొదలుపెట్టి, మోతాదు సగానికి తగ్గించి, ఆరో నెలలో తిరిగివచ్చిన ఆవిర్లతో మేలుకుని, మళ్లీ వేసుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్న స్త్రీ ఇంకా ఏ పుస్తకంలోనూ ప్రధానపాత్ర కాలేదు.